తలమీద చెయ్యి: అజరయ్య బిషప్పు గారి జీవితం



మందమర్రిలోనైనా, బెల్లంపల్లిలోనైనా, శ్రీరాంపూర్‌లోనైనా ఆదివారం ఆరాధన ముగియగానే గుడి గుమ్మం దగ్గర కనబడేది ఒకటే. అయ్యగారి ముందు జనం తలలు వంచి నిలబడతారు. ఒకరి చేతిలో కొత్త బండి తాళం, ఇంకొకరి చేతిలో పరీక్ష హాల్‌టికెట్టు. కొడుక్కి బాయిలో ఉద్యోగం దొరికింది, రేపు ఫస్ట్ షిఫ్టుకు దిగుతాడు, వాడి తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేయండి అని ఒక తల్లి అడుగుతుంది. భూమి లోపలికి దిగే మనిషిని దేవుని చేతికి అప్పగించి పంపడంలో తప్పేముంది? ఏమీ లేదు. పైకప్పు ఎప్పుడు జారుతుందో తెలియని చోట పనిచేసేవాళ్ళ ఇళ్ళల్లో ప్రార్థన విలువ ఎంతో మనకు ఒకరు చెప్పనక్కర లేదు.

అయితే ఆ వరుసలోకి ఈ మధ్య మరికొన్ని వచ్చి చేరాయి. ప్రార్థించిన నూనె సీసా, ప్రార్థించిన రుమాలు, ఇంటి నాలుగు మూలలా చల్లే నీళ్ళు. ఫలానా దైవజనుడు చెయ్యి పెడితేనే పని అవుతుందన్న మాట. కానుక ఎంత పెద్దదైతే ఆశీర్వాదం అంత పెద్దదన్న లెక్క. ఇంతకీ ఆశీర్వాదం అంటే ఏమిటి? పరిశుద్ధత వస్తువులో ఉంటుందా, చేతిలో ఉంటుందా? మనం చేసే ఆచారాలు దేనికోసం? వాక్యాలు వరుసగా పేర్చి జవాబు చెప్పవచ్చు. ఈ వారం మేము అలా చేయడం లేదు. ఒక మనిషి బతుకును మీ ముందు పెడుతున్నాము. ఆయన మన తెలంగాణ నేలమీదే ముప్పై అయిదేళ్ళు కాపురమున్నారు. మన పల్లెల్లో వేలమంది తలలమీద చేతులుంచారు. ఆయన వేదనాయకం శామ్యూల్ అజరయ్య, డోర్నకల్ మొదటి బిషప్పు.

బొగ్గు ఊళ్ళవాళ్ళకు డోర్నకల్ పరాయిది కాదు. సింగరేణి వారు మొదట బొగ్గు తవ్వింది ఇల్లందులో. ఆ బొగ్గును మోసుకొచ్చే రైలు కొమ్మ పెద్ద లైనులో కలిసింది డోర్నకల్ దగ్గరే. తవ్వకం కొత్తగూడెం, బెల్లంపల్లి, మందమర్రి అంటూ పాకిన కొద్దీ ఖమ్మం, వరంగల్ వైపు నుంచి బాయి పని వెతుక్కుంటూ గోదావరి దాటి వచ్చిన క్రైస్తవ కుటుంబాలు మన సంఘాల్లో ఇప్పటికీ ఉన్నాయి. వాళ్ళ తాత ముత్తాతలకు బాప్తిస్మమో, కన్ఫర్మేషనో ఇచ్చిన చేతులు ఆయనవే అయ్యుండవచ్చు.

అజరయ్య గారు మాత్రం తెలుగువారు కారు. 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి సీమలోని వెల్లాలన్‌విళై అనే చిన్న పల్లెలో పుట్టారు. తండ్రి తోమా వేదనాయకం ఆంగ్లికన్ సంఘంలో గ్రామ పాదిరి, తల్లి పేరు ఎలెన్. ఎన్నో ఏళ్ళు ఎదురుచూసి, హన్నాలా ప్రార్థించి కన్న కొడుకు గనుక సమూయేలు పేరు పెట్టారని చెబుతారు. తల్లి గర్భంలో ఉన్నప్పుడే దేవునికి అప్పగించిన బిడ్డ అన్నమాట.

ఆయన పుట్టిన కులం సంగతి ఇక్కడ చెప్పుకోక తప్పదు. అది నాడార్ల కులం. మన వైపు గీత పనివారిలా తాటిచెట్టును నమ్ముకుని బతికినవారు. ఊరి గుడి పవిత్రమైనది, ఈ కులంవారు అడుగుపెడితే మైలపడుతుంది అని వారిని లోపలికి రానిచ్చేవారు కారు. కముది గుడిలోకి నాడార్లు ప్రవేశించిన గొడవ 1897లో మొదలై కోర్టులన్నీ తిరిగి లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్ళింది. 1908లో అక్కడ కూడా తీర్పు నాడార్లకు వ్యతిరేకంగానే వచ్చింది. ఇది ఒక్క హిందూ సమాజపు జబ్బే అనుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. తంజావూరు వైపు క్రైస్తవ గుళ్ళలో సైతం కులాన్ని బట్టి వేరు వేరు చోట్ల కూర్చోవడం, ప్రభువు బల్ల దగ్గర ఎవరు ముందు ఎవరు వెనక అని తగాదా పడడం చాలాకాలం నడిచింది. పవిత్రత అంటే మనిషిని దూరం పెట్టడం అన్న భావన అంత లోతుగా మన దేశపు మట్టిలోకి ఇంకిపోయింది. ఆ మట్టిలోనే అజరయ్య గారు పుట్టారు.

చదువు మెజ్ఞానపురంలో, తిరునెల్వేలిలో, ఆ తర్వాత మద్రాసు క్రైస్తవ కళాశాలలో సాగింది. చివరి పరీక్ష సమయానికి జబ్బుపడి డిగ్రీ అందుకోలేకపోయారు. 1895 నుంచి పద్నాలుగేళ్ళు వై.ఎం.సి.ఏ. పనిలో దక్షిణ దేశమంతా తిరిగారు. షేర్వుడ్ ఎడ్డీ అనే అమెరికా యువకుడితో గట్టి స్నేహం కుదిరింది ఆ రోజుల్లోనే. 1898లో అన్బు మరియమ్మాళ్ గారిని పెళ్ళాడారు. కట్నం తీసుకోలేదు, అట్టహాసం పెట్టలేదు, చాలా కొద్ది ఖర్చుతో పెళ్ళి ముగించారు. అది 1898 అని గుర్తుంచుకోండి. కట్నం లెక్క తేలేదాకా పెళ్ళి ప్రార్థనకు తారీఖు పెట్టనివ్వని ఇళ్ళు ఈ రోజున కూడా మన సంఘాల్లో ఎన్ని లేవు?

1902లో యాళ్ళపాణం వెళ్ళినప్పుడు అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో, తమ సొంత మనుషులతో సువార్త పని చేస్తుండడం ఆయన కళ్ళారా చూశారు. తిరునెల్వేలి సంఘం అంతకంటే ఎంతో పెద్దది. ఇన్నేళ్ళుగా ఆశీర్వాదాలు అందుకుంటూ కూర్చున్నదే గానీ బయటికి ఎవరినీ పంపలేదు. ఆ బాధలో నుంచి 1903 ఫిబ్రవరిలో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టింది. వాళ్ళు ఎంచుకున్న పొలం నిజాం రాజ్యంలోని మానుకోట ప్రాంతం. భాష వేరు, రాజ్యం వేరు. 1905లో సేరంపూరులో నేషనల్ మిషనరీ సొసైటీ స్థాపించినవారిలోనూ ఆయన ముఖ్యులు.

ఇతరులను పొమ్మని చెప్పి తాను ఇంటి దగ్గర ఉండిపోవడం ఆయనకు సరిపడలేదు. 1909లో అభిషేకం పొంది, మంచి ఉద్యోగం వదులుకుని, భార్యాపిల్లలతో డోర్నకల్ వచ్చేశారు. అప్పటికి ఆయన వయస్సు ముప్పై అయిదు. ఆ వయస్సులో కూర్చుని తెలుగు అక్షరాలు దిద్దారు. మరుసటి ఏడు ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో మాట్లాడుతూ, తెల్ల మిషనరీలు ఎంతో త్యాగం చేశారని ఒప్పుకుంటూనే, తమను సమానులుగా చూసే స్నేహమే ఇంకా కరువైందని ముఖం మీదే చెప్పారు. సభలో చాలామందికి అది గుచ్చుకుంది. ఒకే బల్ల దగ్గర రొట్టె తీసుకున్నవారు ఇంటికి పిలిచి పక్కన కుర్చీ వేయరా అన్నదే ఆయన బాధ. ఆచారం గుడి దాటి ఇంటి గడప దాకా రావాలని ఆయన అడిగారని మా గ్రహింపు.

1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథెడ్రల్‌లో ఆయన తలమీద బిషప్పులు చేతులుంచారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్పు అయిన మొట్టమొదటి భారతీయుడు ఆయనే. మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ పట్టుబట్టకపోతే ఇది జరిగేది కాదు. తెల్లవారిపైన నల్ల బిషప్పు ఏమిటని కొందరు మిషనరీలు గొణిగారు. తిరునెల్వేలి క్రైస్తవుల్లో కూడా కొందరు అడ్డుపడ్డారు, అందులో కులం పాలు లేకపోలేదు. కముది తీర్పు వచ్చి అప్పటికి నాలుగేళ్ళే. ఏ కులం కాలు పెడితే గుడి మైలపడుతుందని న్యాయస్థానాలు ఒప్పుకున్నాయో, ఆ కులంలో పుట్టిన మనిషి చేతులు ఇక గుళ్ళను ప్రతిష్ఠించే చేతులు, రొట్టె విరిచే చేతులు, పాదిరులను అభిషేకించే చేతులు అయ్యాయి. ఆ చేతుల్లో మంత్రశక్తి ఏమీ పుట్టలేదు. సంఘం ఆయనకు ఒక పని అప్పగించింది, దేవుడు దానికి తోడుంటాడని నమ్మింది. చేతులుంచడం అంటే అంతే, అంత.

మొదట్లో డోర్నకల్ డయాసిస్ చాలా చిన్నది. తరువాతి ఏళ్ళలో కృష్ణా వైపు సంఘాలు కూడా కలిసి పెద్దదైంది. 1935 నాటికి అక్కడ దాదాపు 250 మంది భారతీయ పాదిరులు, 2000కు పైగా గ్రామ ఉపదేశకులు ఉండేవారు. 1940 దశకం మొదటికి విశ్వాసుల సంఖ్య రెండు లక్షలు దాటింది. వారిలో ఎక్కువమంది మాలలు, మాదిగలు. ఊరి బావిలో చేద వేయనివ్వనివారు, ఊరి వీధిలో చెప్పులేసుకుని నడవనివ్వనివారు.

అలాంటి పల్లెకు బిషప్పు గారు ఎద్దుల బండిలో వచ్చి దిగితే మొదట అడిగేది గుడి గురించి కాదు, గుడిసె గురించి. మురికి, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగింటిని పల్లెను పట్టి పీడించే నాలుగు దయ్యాలుగా ఎంచి, వాటిమీద ఆయన జీవితకాలమంతా యుద్ధం చేశారు. డయాసిస్ తరఫున బళ్ళు, వైద్యశాలలు, పరపతి సంఘాలు, ప్రెస్సు నడిపించారు. ఇవన్నీ సంఘసేవ, అసలైన ఆత్మీయ పని వేరే ఉంది అని ఆయన విడదీయలేదు. జెకర్యా గ్రంథం చివరి అధ్యాయంలో ఒక దర్శనం ఉంది. గుఱ్ఱాల మెడలోని గంటలమీద సైతం ప్రధాన యాజకుని కిరీటం మీదుండే మాటే రాసి ఉంటుంది, యెరూషలేములోని వంటకుండలన్నీ బలిపీఠం ముందరి పాత్రలంత పరిశుద్ధమౌతాయి. అజరయ్య గారి పనిని చూస్తే మాకు ఆ కుండలే గుర్తుకొస్తాయి. పరిశుద్ధత గుడి లోపల గీత గీసుకుని కూర్చోలేదు. మాలపల్లెలోని వంటింటి దాకా, మాదిగవాడలోని అప్పు పత్రం దాకా నడిచి వచ్చింది. తోముకున్న సర్వ, తీరిన అప్పు, కల్లు దుకాణం వైపు తిరగని సాయంత్రం, ఇవి ఆయన లెక్కలో ఆరాధనకు బయటివి కావు.

ఆయన పర్యటనల్లో జరిగే ఒక చిన్న కార్యం గురించి చాలామంది రాశారు. మా దృష్టిలో ఆయన జీవితమంతటిలో ముఖ్యమైనది అదే. ఏ ఊరి సంఘానికి వెళ్ళినా, బాప్తిస్మం పొందిన ప్రతివారిని తమ చేతిని తామే తమ తలమీద పెట్టుకోమనేవారు. తర్వాత తన వెంట అనమనేవారు. నేను బాప్తిస్మం పొందినవాడినని, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అని, పౌలు కొరింథీయులకు తన గురించి రాసుకున్న మాటను ప్రతి కూలీ, ప్రతి జీతగాడు, ప్రతి ముసలమ్మ తన మాటగా పలికేవారు.

దీన్ని కొంచెం ఆగి ఆలోచించండి. బిషప్పు అక్కడే ఉన్నారు. ఆయన చెయ్యి తలమీద పడితే చాలని ఎదురుచూసే జనం ఉన్నారు. ఆయన మాత్రం, నీ చెయ్యే నీ తలమీద పెట్టుకో అంటున్నారు. బాప్తిస్మం నాడు నీ తలమీద పడిన నీళ్ళు ఆరిపోయాయి గానీ ఆ రోజు నీకిచ్చిన పేరు, నీకప్పగించిన పని ఇంకా అక్కడే ఉన్నాయి అని గుర్తు చేస్తున్నారు. మళ్ళీ మళ్ళీ కొత్త ఆశీర్వాదం కోసం వరుసలో నిలబడక్కర లేదు. పొందినది ఇతరులకు పంచాలి. ఆదికాండం 12వ అధ్యాయంలో దేవుడు అబ్రాహామును ఆశీర్వదించింది అతని ద్వారా భూమిమీది వంశాలన్నీ ఆశీర్వాదం పొందడానికే కదా. సంఖ్యాకాండం 6వ అధ్యాయంలో అహరోను జనాన్ని దీవించినా, దీవెన ఇచ్చేది తానేనని దేవుడు స్పష్టం చేస్తాడు. యాజకుడు ఆ నామాన్ని జనం మీద ఉంచుతాడు, అంతవరకే. అజరయ్య గారి పద్ధతిలో ఈ రెండూ ఉన్నాయి.

ఈ పద్ధతికి ఫలితం కనబడింది కూడా. 1930ల్లో డోర్నకల్ ప్రాంతంలో శూద్ర కులాలవారు కూడా సంఘంలోకి రావడం మొదలుపెట్టారు. వాళ్ళను పెద్ద ప్రసంగాలు కదిలించలేదు. నిన్నటిదాకా తమ పొలాల్లో వెట్టి చేసిన మాల మాదిగ కుటుంబాలు తాగుడు మానడం, పిల్లలను బడికి పంపడం, పొద్దున్నే కూర్చుని ప్రార్థన చేసుకోవడం కళ్ళముందు కనబడింది. అది వాళ్ళను కదిలించింది.

ఇక ప్రభురాత్రి భోజనం. ఒకే రొట్టె, ఒకే గిన్నె అని మనం సులువుగా అనేస్తాం. మాల తాగిన పాత్రలో మాదిగ, మాదిగ తాగిన పాత్రలో మాల నోరు పెట్టని రోజులవి. ఒకరి వాడకు ఒకరు వెళ్ళని పల్లెలు. ఆ పల్లెల్లో మోకాళ్ళూని పక్కపక్కనే ఒకే గిన్నె అందుకోవడం ఎంత కష్టమైన ఆచారమో ఊహించండి. ఒక కులం బాప్తిస్మానికి వస్తే ఇంకో కులం వెనక్కి తగ్గేది. ఆయన రాజీ పడలేదు. సంఘానికి వేరే గిన్నె లేదు, వేరే బల్ల లేదు. అంత చేసినా ఆ చీలిక పూర్తిగా పోలేదు. ఆయన చివరి సంవత్సరాల్లో సైతం డయాసిస్‌ను అది బాధించింది. ఇప్పుడు మన సంఘ కమిటీ ఎన్నికలప్పుడు ఎవరి ఓట్లు ఎటు పడతాయో తెలిసినవారికి ఇది పాత కథ అనిపించదు.

ఆచారాలంటే ఆయనకు గిట్టదని దీన్ని బట్టి అనుకోవద్దు. నిజానికి ఆచారాలను అంత శ్రద్ధగా పట్టించుకున్న బిషప్పులు తక్కువ. చదువు రాని జనానికి పండుగే పుస్తకమని ఆయనకు తెలుసు. తెలుగు కీర్తనలు, భజనలు, డప్పులతో ఊరేగింపులు, కోతల పండుగ, అన్నిటికీ చోటిచ్చారు. జాతరకు పోయే కాళ్ళను ఆపాలంటే ఊరికే వద్దంటే సరిపోదు, కలిసి పాడుకోవడానికి ఇంకో పండుగ ఉండాలి. పాదిరులకు చదువు చెప్పేచోట వారి భార్యలు కూడా చదువుకోవాలని పట్టుబట్టారు. బాప్తిస్మం, కన్ఫర్మేషన్ మీద గ్రామ ఉపదేశకులకు అర్థమయ్యేలా పుస్తకాలు రాశారు. బాప్తిస్మానికి ముందు నేర్చుకోవలసినవి నేర్చుకోనిదే తొందరపడేవారు కారు. పరలోక ప్రార్థన, విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు నోటికి రావాలి, బతుకులోకి దిగాలి.

కానుక గురించి ఆయన రాసిన పుస్తకం చాలా దేశాల సంఘాలు చదివాయి. అన్నం వండే ముందు ఒక పిడికెడు బియ్యం తీసి దేవుని కుండలో వేసే అలవాటు మన అమ్మమ్మలకు తెలిసినదే. రోజుకూలీ చేసే తల్లి దగ్గర డబ్బు లేదు, బియ్యం ఉంది. ఆ పిడికెడుతోనే పల్లె సంఘాలు తమ పాదిరిని పోషించుకోవాలని ఆయన నేర్పారు. ఆ పిడికెడు దేనికీ వెల కాదు. ఆశీర్వాదం ముందే వచ్చింది, బియ్యం దానికి కృతజ్ఞత. ఆ వరుస తారుమారైన చోట కానుక పెట్టె దుకాణపు గల్లాపెట్టె అయిపోతుంది. ఎక్కడెక్కడ అలా అయిందో పాఠకులకు తెలుసు, మేము పేర్లు చెప్పము.

డోర్నకల్ కెథెడ్రల్ చూడనివారు ఒక్కసారైనా చూసి రండి. కట్టడం ఏళ్ళ తరబడి సాగింది. డబ్బు ఆగినప్పుడల్లా పని ఆగింది. చివరికి 1939 జనవరి 6న, తూర్పు దేశపు జ్ఞానులు శిశువైన యేసు దగ్గరికి వచ్చిన ఎపిఫనీ పండుగ నాడు, దాన్ని ప్రతిష్ఠించారు. ఇంగ్లండు గుడి నమూనా తెచ్చి ఇక్కడ నిలబెట్టలేదు. గుమ్మటాలు చూస్తే మసీదు తలపుకు వస్తుంది, చెక్కిన రాతి స్తంభాలు చూస్తే దేవాలయ మండపం తలపుకు వస్తుంది, మధ్యలో సిలువ. జ్ఞానులు తమ దేశంలో దొరికే బంగారం, సాంబ్రాణి, బోళం తెచ్చినట్టు, ఈ నేల తన రాతి పనిని తెచ్చి ఇచ్చింది.

ఆ ఏళ్ళలోనే గాంధీ గారితో విభేదం వచ్చింది. హరిజనులను క్రైస్తవులు మతం మార్చడం గాంధీ గారికి నచ్చలేదు. క్రీస్తు మీద గౌరవం ఉంటే చాలదా, బాప్తిస్మం ఎందుకన్నది అప్పటి పెద్దల ప్రశ్న. బాప్తిస్మం లేకుండా క్రీస్తు వెంబడి ఒంటరిగా నడవవచ్చునన్నది అజరయ్య గారు ఒప్పుకోలేదు. నీళ్ళలో మనిషి ఒక కుటుంబంలోకి పుడతాడు, ఆ కుటుంబం లేకపోతే మాలపల్లెలోని ఒంటరి విశ్వాసి మర్నాడే కొట్టుకుపోతాడు అన్నది ఆయన అనుభవం. అదే మనిషి క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని వాదించారు. సంఘం రాజకీయ గుంపు అయితే బాప్తిస్మానికి అర్థం పోతుందని ఆయన భయం.

ఆయనలో లోపాలు లేవని మేము అనము. పెద్దరికం బలంగా చలాయించేవారు. క్రమశిక్షణ విషయంలో తండ్రిలాంటి ప్రేమ ఎంత ఉండేదో తండ్రి కాఠిన్యం కూడా అంత ఉండేది. అంత పెద్ద డయాసిస్ ఒక్క మనిషి భుజాలమీద అన్నేళ్ళు నడవడం మంచిదేనా అని అడిగితే, మంచిది కాదనే మా జవాబు. కాకపోతే ఆ భుజాలు ఎన్నడూ తప్పుకోలేదు.

ఆయన చివరి ఆశ సంఘాల ఐక్యత. 1919లో తరంగంబాడిలో వివిధ మిషన్ల భారతీయ సేవకులు కూడి, చీలిపోయిన సంఘంగా దేశానికి సువార్త చెప్పలేమని ఒప్పుకున్నప్పుడు వారి మధ్య ఉన్నది ఆయనే. ఆ చర్చలు ఇరవై ఏళ్ళకు పైగా సాగాయి. ఎక్కడ ఆగిపోయేవో తెలుసా? చేతుల దగ్గరే. బిషప్పు చేతులుంచని మెథడిస్టు పాదిరి అభిషేకం చెల్లుతుందా, అతడు విరిచే రొట్టె రొట్టేనా అని.

1945 జనవరి 1న డోర్నకల్‌లో అజరయ్య గారు ప్రభువునందు నిద్రించారు. తాను కోరుకున్న ఐక్యత చూడలేదు. మరో రెండేళ్ళకు, 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథెడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. అప్పటికే అభిషేకం పొంది ఉన్న పాదిరులను ఆ రోజు ఎవరూ మళ్ళీ పాదిరులుగా అభిషేకించలేదు. ఎవరి చేతుల ద్వారా వచ్చినా దేవుడిచ్చిన పరిచర్య పరిచర్యే అని ఒకరినొకరు అంగీకరించారు. మెథడిస్టు మిషను నాటిన మన ఉత్తర తెలంగాణ సంఘాలూ, అజరయ్య గారి డోర్నకల్ సంఘాలూ ఆ రోజు నుంచి ఒకే సంఘం.